"అదా, అది ఏం చేయదు": పాత విమానంలో పేరు చెరిగిన స్విచ్‌ల సంగతి

1970ల నాటి సెస్నా 172 అనే చిన్న విమానంలో ఎడమ సీట్లో కూర్చుని కంట్రోల్ వీల్ కిందికి చూస్తే రాకర్ స్విచ్‌లు వరసగా కనిపిస్తాయి. ఎడమ చివరన ఎర్రగా ఉన్నది విమానం మొత్తానికి కరెంటు ఇచ్చే మాస్టర్ స్విచ్. అది నిలువునా రెండు సగాలుగా ఉంటుంది, ఎడమది ఆల్టర్నేటర్‌కి, కుడిది బ్యాటరీకి. దాని పక్కనున్నవన్నీ ఒకే సైజు, ఒకే రంగు. ఏది దేనిదో చెప్పేవి అక్కడ అచ్చువేసిన చిన్న అక్షరాలే. యాభై ఏళ్ళుగా వేళ్ళు తగిలి తగిలి వాటిలో కొన్ని పూర్తిగా పోయాయి, కొన్నిటికి ఒకటి రెండు గీతలు మిగిలాయి. ఇంకొంచెం కుడికి, రేడియోల కింద, కంపెనీ పెట్టని చిన్న టాగుల్ స్విచ్ ఒకటి ఉంటుంది. దాని చుట్టూ ఎప్పుడో ఊడిపోయిన స్టిక్కర్ తాలూకు జిగురు మరక. అదేమిటని అక్కడి వాళ్ళని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు: "అదా, అది ఏం చేయదు."

ఆ జవాబుని నమ్మకూడదు. చెప్పినవాళ్ళు అబద్ధం ఆడుతున్నారని కాదు. ఒకసారి నొక్కి చూశారు, ఏమీ జరిగినట్టు కనిపించలేదు, అక్కడితో వదిలేశారు. కనిపించకపోవడం వేరు, జరగకపోవడం వేరు.

ఇది ఎక్కడో ఒకటీ అరా విమానానికి వచ్చే సమస్య కాదు. సెస్నా 172ల అమ్మకం 1956లో మొదలైంది, ఇప్పటికి 44,000 పైచిలుకు తయారయ్యాయి. 1986లో తయారీ ఆపేసి మళ్ళీ 1996లో మొదలుపెట్టారు కాబట్టి, ఇవాళ చిన్న ఎయిర్‌పోర్టుల్లో కనిపించేవాటిలో చాలా వరకు ఆ ఆపకముందు కాలానివే. సెస్నా 150, 152ల సంగతీ, పైపర్ చెరోకీల సంగతీ అంతే. ఫ్లోరిడాకో టెక్సాస్‌కో పైలట్ ట్రైనింగ్‌కి వెళ్ళే మన పిల్లలు గంటకి అద్దె ఎక్కడ తక్కువో చూసుకుంటే, తమ తల్లిదండ్రుల వయసున్న విమానంలో నేర్చుకోవాల్సి రావడం మామూలే.

పేర్లు ఎలా పోతాయి

అక్షరాలు అరిగిపోవడం చిన్న సంగతి. ఆ కాలపు సెస్నాల్లో ప్యానెల్ మీద పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఎండకి అది పెళుసెక్కి పగులుతుంది. దాన్ని మార్చినవాళ్ళో, పైన రంగు కొట్టినవాళ్ళో పాత పేర్లన్నీ మళ్ళీ వేయించకపోతే అవి పోయినట్టే. ఇలా పోయినవాటిని కనుక్కోవడం తేలిక, ఎందుకంటే కంపెనీ పెట్టిన స్విచ్‌ల వరస మాన్యువల్లో బొమ్మతో సహా ఉంటుంది.

అసలు చిక్కంతా తర్వాత చేర్చినవాటితోనే. యాభై ఏళ్ళలో విమానం ఎన్నో చేతులు మారుతుంది. ఒక ఓనర్ స్ట్రోబ్ లైట్లు పెట్టించుకున్నాడు. ఇంకొకరు 1980ల్లో లోరాన్ పెట్టె, అంటే రేడియో సిగ్నళ్ళతో దారి చూపేది, బిగించుకున్నారు. అమెరికాలో లోరాన్-సి సిగ్నళ్ళు 2010లో ఆపేశారు. దాంతో పెట్టె తీసేశారు గానీ, స్విచ్ తీస్తే ప్యానెల్‌లో కన్నం మిగులుతుందని దాన్ని అలాగే ఉంచేశారు. దాని వైరు కత్తిరించి టేపు చుట్టారా, అలాగే వేలాడదీశారా, లేక తర్వాత వచ్చిన జీపీఎస్‌కి అదే స్విచ్‌ని వాడుకున్నారా? ప్యానెల్ ముందు కూర్చుని చూస్తే ఎవరికీ తెలియదు.

నిబంధనల్లో మాత్రం అస్పష్టత ఏమీ లేదు. అమెరికా చిన్న విమానాల డిజైన్ నిబంధనలైన పార్ట్ 23ని 2017లో తిరగరాశారు. అంతకు ముందు అందులో 1555వ సెక్షన్ ఉండేది. కాక్‌పిట్‌లోని ప్రతి కంట్రోల్ మీదా అది ఏం చేస్తుందో, ఎలా వాడాలో స్పష్టంగా రాసి ఉండాలని చెప్పేది. అంతకన్నా పాతవైన సీఏఆర్ 3 అనే నిబంధనల కింద సర్టిఫికెట్ పొందిన విమానాలకీ కంట్రోల్స్ మీద పేర్లు ఉండాల్సిందే. 1555 ఇచ్చిన మినహాయింపులు రెండే. ఒకటి, కంట్రోల్ వీల్, రడ్డర్ పెడల్స్ లాంటి ప్రధాన కంట్రోల్స్. రెండోది, మామూలు పుష్ బటన్ స్టార్టర్. అంటే రూలు ప్రకారమే పేరు లేకుండా ఉండగల స్విచ్ ఒక్కటే, అదేమో నొక్కగానే ప్రొపెల్లర్‌ని తిప్పేది! స్టార్టర్ ఏదో తెలియనివాడు ఆ సీట్లో ఎందుకు కూర్చుంటాడని అనుకున్నారేమో. ఏదేమైనా, పాత విమానంలో పేరులేని గుండ్రటి బటన్ కనిపిస్తే ముందు స్టార్టరేమో అని అనుమానించడం మంచిది.

పేరు చెరగడం అందచందాల లోపం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. విమానం ఎగరడానికి తగిన స్థితిలో ఉందా లేదా అన్న ప్రశ్నలో అదీ భాగమే.

నొక్కి చూస్తే పోలా?

స్విచ్ కనిపిస్తే నొక్కి చూడాలనిపించడం మనిషి గుణం. ఇంట్లో అయితే ఫర్వాలేదు, మహా అయితే గీజర్ ఆన్ అవుతుంది. విమానంలో దీనివల్ల వచ్చే ప్రమాదం రెండు రకాలు. స్విచ్ మనం ఊహించనంత పెద్ద పని చేసేయడం ఒకటి. చేసిన పని మన కంటికి కనపడకపోవడం ఇంకొకటి.

మొదటిదానికి మంచి ఉదాహరణ బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా. పాత బొనాంజాలు చాలావాటిలో చక్రాలు ముడిచే స్విచ్ కుడివైపు, ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్క వెనక అంచున కిందికి దించే పలకలు) స్విచ్ ఎడమవైపు ఉండేవి. మిగతా కంపెనీల విమానాల్లో ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. వేరే విమానాలకి అలవాటుపడిన పైలట్ దిగాక, రన్‌వే మీద ఉండగానే, ఫ్లాప్స్ పైకి లేపుతున్నాననుకుని చక్రాలు ముడిచేసేవాడు. విమానం పొట్ట మీద కూలబడేది. ఇలాంటి ప్రమాదాలు ఎన్నో జరిగాక అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 1980లో దీని మీద ప్రత్యేక నివేదికే వేసింది. తప్పు పైలట్ చేతిలోనే కాదు, డిజైన్‌లోనూ ఉందని తేల్చింది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ స్విచ్‌లకి పేర్లు ఉన్నాయి. పేరు ఉండగానే ఇంత జరిగితే, పేరు లేనిదాన్ని వేలితో పరీక్షించడం ఎంత తెలివైన పనో వేరే చెప్పక్కర్లేదు. నేల మీద ఉన్నప్పుడు చక్రాలు ముడుచుకోకుండా ఆపే సేఫ్టీ స్విచ్ ఒకటి ఉంటుంది నిజమే. పాత విమానంలో అది పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఇది పద్ధతి కాదు.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లోనే అమెరికాలో ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే సమస్యని చూశాడు. బీ-17 బాంబర్ పైలట్లు దిగాక ఫ్లాప్స్‌కి బదులు చక్రాలు ముడిచేస్తుంటే, చక్రాల కంట్రోల్‌కి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ కంట్రోల్‌కి రెక్క ఆకారంలో ముక్క తగిలించాడు. తర్వాత అదే నిబంధన అయింది. అందుకే ఇప్పటికీ చిన్న విమానాల్లో చక్రాల లివర్ పిడి గుండ్రటి చక్రంలా, ఫ్లాప్స్ పిడి రెక్క అంచులా ఉంటుంది. పేరు చెరిగిపోయినా ఆకారం చెరగదు. కాబట్టి గుర్తుపట్టాల్సినప్పుడు పిడి ఆకారాన్ని, రంగుని ముందు చూడాలి. ఎర్ర నాబ్ మిక్స్చర్ (ఇంజిన్‌కి వెళ్ళే గాలి, ఇంధనాల పాళ్ళు మార్చేది), నల్లది థ్రాటిల్, నీలం ప్రొపెల్లర్ అన్న ఆనవాయితీ కూడా ఈ కోవలోదే. కానీ సాధారణ రాకర్, టాగుల్ స్విచ్‌లకి ఆకారాల తేడా లేదు. అక్కడ ఈ ఉపాయం పనిచేయదు.

నొక్కి చూడకూడని ఇంకో స్విచ్ ఈఎల్‌టీది, అంటే విమానం కూలినప్పుడు దానంతటదే ఆపద సంకేతం పంపే పెట్టె. పెట్టె తోక భాగంలో ఉంటుంది. ప్యానెల్ మీద దానికో చిన్న రిమోట్ స్విచ్ ఉండొచ్చు. పాత రకాలు 121.5 మెగాహెర్ట్జ్‌లో అరుస్తాయి. ఆ ఫ్రీక్వెన్సీని ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తో ఆగిపోయింది గానీ, దగ్గర్లో ఎగురుతున్న విమానాలకీ, కంట్రోల్ టవర్‌కీ అది ఇంకా వినిపిస్తుంది. కొత్తగా 406 మెగాహెర్ట్జ్‌ది పెట్టించి ఉంటే సంకేతం ఉపగ్రహం ద్వారా రక్షణ కేంద్రానికి చేరుతుంది. ఓనర్‌కి ఫోన్ వస్తుంది, "మీరు క్షేమమేనా?" అని. అమెరికాలో 121.5 పెట్టెని టెస్ట్ చేయాలంటే గంట కొట్టిన మొదటి 5 నిమిషాల్లోనే, అదీ క్షణకాలమే చేయాలి.

ఇక రెండో రకం. ఇదే నా దృష్టిలో అసలు ప్రమాదం, ఎందుకంటే చక్రాలు ముడుచుకుంటే కనీసం జరిగిందని తెలుస్తుంది. నేల మీద, ఇంజిన్ ఆపి ఉండగా నొక్కితే ఏమీ జరగనట్టు కనిపించే స్విచ్‌లు చాలా ఉన్నాయి. మాస్టర్‌లో ఆల్టర్నేటర్ సగం అలాంటిదే. దాన్ని ఆఫ్ చేసి ఎగిరితే చాలాసేపు అంతా బాగానే ఉంటుంది. తర్వాత బ్యాటరీ నీరసించి రేడియోలు ఒక్కొక్కటే ఆగిపోతాయి. జీపీఎస్‌కీ, మామూలు నావిగేషన్ రేడియోకీ మధ్య మార్చే స్విచ్ ఇంకా మోసకారి. రెండింటిలో ఏది ఎంచుకున్నా దారి చూపే సూది ఒకటే. సూది కదులుతూనే ఉంటుంది, కాకపోతే మీరు అనుకున్న పరికరం చెప్పినట్టు కాదు.

వేగం కొలిచే పిటో ట్యూబ్ హీటర్‌కి కూడా శబ్దం లేదు, వెలుగు లేదు. అది పెద్ద విమానాల్లోనూ ప్రాణాలు తీసింది. 1974 డిసెంబర్ 1న నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 727 ఒకటి న్యూయార్క్ రాష్ట్రంలో స్టోనీ పాయింట్ దగ్గర కూలిపోయింది. పిటో హీటర్లు ఆన్ చేయకుండానే బయల్దేరారు. పైకి వెళ్ళేకొద్దీ ట్యూబులు మంచుతో మూసుకుపోయి వేగం విపరీతంగా పెరుగుతున్నట్టు చూపించాయి. వేగం తగ్గించాలని సిబ్బంది ముక్కు పైకెత్తుతూ పోయారు. విమానం స్టాల్ అయి, అంటే రెక్కలకి గాలి పట్టు తప్పి, పడిపోయింది. లోపలున్న ముగ్గురూ చనిపోయారు.

ఒక స్విచ్ రెండు పనులు చేసే సందర్భాలూ ఉన్నాయి. చక్రాలు ముడుచుకునే పైపర్ "ఆరో" (Arrow) రకం విమానంలో, రాత్రి కంటికి గుచ్చుకోకూడదని, ప్యానెల్ లైట్లు ఆన్ చేస్తే చక్రాలు దిగాయని చెప్పే పచ్చ దీపాలు వాటంతటవే మసకబారుతాయి. పట్టపగలు ఆ లైట్ల నాబ్ పొరపాటున ఆన్‌లో ఉండిపోతే, ఎండలో ఆ పచ్చ దీపాలు వెలగనట్టే కనిపిస్తాయి. చక్రాలు దిగలేదేమోనని పైలట్ టెన్షన్ పడుతూ చక్కర్లు కొడతాడు. ఆ నాబ్ పేరు చెరిగిపోయి ఉంటే, ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది?

ముందు కాగితాలు

వేలు పెట్టకుండా తెలుసుకోగలిగింది చాలా ఉంది, అదంతా అయ్యాకే స్విచ్ జోలికి వెళ్ళాలి. మొదట చూడాల్సింది మాన్యువల్. ఇక్కడ పాత విమానాలతో ఒక ఇబ్బంది ఉంది. 1979 మార్చి 1కి ముందే ఎగిరిన చిన్న విమానాలు చాలావాటికి ఇప్పటి తరహా పూర్తి ఫ్లైట్ మాన్యువల్ ఉండదు, పల్చటి ఓనర్స్ మాన్యువల్ ఒకటి ఉంటుంది. అందులో ప్యానెల్ బొమ్మ ఉంటుంది, అదే చాలా ప్రశ్నలకి జవాబు. అయితే మీ విమానం ఏ సంవత్సరం మోడలో, సీరియల్ నంబర్ ఎంతో సరిచూసుకోవాలి. ఒకే 172లో ఏటేటా స్విచ్‌ల వరస మారింది. పక్క విమానం మాన్యువల్‌తో మీ స్విచ్‌లకి పేర్లు పెట్టకూడదు.

కంపెనీ సర్వీస్ మాన్యువల్లో వైరింగ్ బొమ్మలు కూడా సీరియల్ నంబర్ల వారీగానే ఉంటాయి. వాటిలో లేని స్విచ్ అంటే తర్వాత చేర్చినదే. అప్పుడు లాగ్‌బుక్‌లు తెరవాలి. పెద్ద మార్పులకి అమెరికాలో ఫారం 337 నింపుతారు. ఒక కాపీ ఓనర్‌కి, ఒకటి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకి. ఓనర్ దగ్గరిది పోయినా ఫర్వాలేదు, ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏ రికార్డుల కార్యాలయం నుంచి ఆ విమానం ఫైలు మొత్తం తెప్పించుకోవచ్చు. యాభై ఏళ్ళ కిందట ఎవరో నింపిన ఫారంలో "ఎడమ సబ్ ప్యానెల్‌లో స్విచ్ అమర్చడమైనది" అన్న తరహా వాక్యం ఒకటి దొరికితే సగం పని అయినట్టే. చిన్న మార్పులకి 337 అక్కర్లేదు, లాగ్‌బుక్‌లో ఒక్క లైను చాలు. ఆ ఒక్క లైను మెకానిక్ చేతిరాతలో ఉంటుంది. కొందరి చేతిరాత డాక్టర్లని మించి ఉంటుంది, ఓపిక పట్టాలి.

బరువు లెక్కల కాగితాలు చాలామంది మర్చిపోతారు. ఏ పరికరం పెట్టినా, తీసినా విమానం ఖాళీ బరువు మారుతుంది, ఆ లెక్క తేదీతో సహా రాయాలి. లోరాన్ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో, పాత ఏడీఎఫ్ (దిక్కు చూపే రేడియో) ఎప్పుడు తీశారో పరికరాల జాబితాలో దొరుకుతుంది. జాబితాలో ఉండి విమానంలో లేనివన్నీ రాసుకుంటే, వాటిలో ఒకటి ఆ అనాథ స్విచ్ యజమాని కావచ్చు.

వెనక వైపు

కాగితాలతో తేలకపోతే ప్యానెల్ కింద నుంచి టార్చి, చిన్న అద్దం పట్టుకుని చూడాలి. మాస్టర్ ఆఫ్‌లో ఉంచి ఊరికే చూడటమే, ఏదీ లాగడం లేదు. స్విచ్ వెనక వైర్లు ఉన్నాయా లేదా అన్నది మొదటి ప్రశ్న. టెర్మినల్స్ ఖాళీగా ఉంటే అది నిజంగానే ఉత్తుత్తి స్విచ్. అప్పుడే "అది ఏం చేయదు" అన్న మాటకి విలువ.

వైరు ఉంటే అదే చాలా చెబుతుంది. లాండింగ్ లైట్‌కీ, పిటో హీటర్‌కీ వెళ్ళే వైర్లు లావుగా ఉంటాయి, ఎందుకంటే ఎక్కువ కరెంట్ మోయాలి. రేడియో సిగ్నల్ మార్చే స్విచ్ వైర్లు సన్నగా, చాలాసార్లు పైన జాలీ తొడుగుతో, గుత్తిగా ఉంటాయి. వైరు ఎటు పోతోందో చూడాలి. ఇంజిన్ వైపు అగ్నినిరోధక గోడలోంచి ముందుకి పోతే ఇంధన పంపు లాంటిదేదో. పక్కనున్న స్తంభం వెంబడి పైకి రెక్కలోకి పోతే లైట్లో, పిటోనో. వెనక్కి పోతే తోక లైటో, బీకన్ అనే మెరిసే హెచ్చరిక లైటో, ఈఎల్‌టీనో. ఇంకో కొస సర్క్యూట్ బ్రేకర్‌కి చేరితే ఇంకా మంచిది, స్విచ్ పేరు చెరిగినా బ్రేకర్ పేరు చాలాసార్లు మిగిలి ఉంటుంది, వాటిని ఎవరూ రోజూ ముట్టుకోరు కదా. బ్రేకర్ మీద అంకె కూడా ఆధారమే. 5 ఆంపియర్లున్నదానికి లాండింగ్ లైట్ తగిలించరు.

ఇక్కడ ఇంట్లో కరెంటు పని తెలిసినవాళ్ళు బోల్తాపడే చోట్లు రెండున్నాయి. మామూలు స్విచ్ బ్యాటరీ నుంచి వచ్చే కరెంట్‌ని పరికరానికి కలుపుతుంది. మాస్టర్ స్విచ్ అలా కాదు. బ్యాటరీ పక్కన ఒక పెద్ద సోలనాయిడ్, అంటే చిన్న కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్, ఉంటుంది. మాస్టర్ చేసేదల్లా ఆ సోలనాయిడ్ కాయిల్ రెండో కొసని విమానం బాడీకి, అంటే గ్రౌండ్‌కి, కలపడం. పెద్ద కరెంటు ఆ మాస్టర్ స్విచ్ దాకా రానే రాదు. ఈ సంగతి తెలియకుండా మల్టీమీటర్ పెడితే రీడింగులు అర్థం కావు.

రెండోది ప్రాణాలకి సంబంధించినది. ఇంజిన్‌లో స్పార్క్ ఇచ్చే మాగ్నెటోలకి బ్యాటరీతో పనే లేదు, ఇంజిన్ తిరిగితే కరెంట్ వాటికవే పుట్టించుకుంటాయి. వాటిని ఆపాలంటే పీ-లీడ్ అనే వైరుని గ్రౌండ్‌కి కలపాలి. స్విచ్ ఆఫ్ అంటే ఆ వైరు కలిసి ఉందని అర్థం, ఆన్ అంటే విడిపోయిందని. మిగతా స్విచ్‌లన్నిటికీ ఇది తలకిందులు. ప్యానెల్ వెనక ఏదో వెతుకుతూ మోచెయ్యి తగిలి పీ-లీడ్ ఊడిందనుకోండి. లైట్‌కి వెళ్ళే వైరు ఊడితే లైటు ఆరిపోతుంది. ఇది ఊడితే మాగ్నెటో శాశ్వతంగా ఆన్ అయిపోతుంది. తాళంచెవి జేబులో ఉన్నా, మాస్టర్ ఆఫ్‌లో ఉన్నా, ఎవరైనా ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితే ఇంజిన్ అందుకోవచ్చు. అందుకే వైర్లు విప్పి కంటిన్యూటీ (వైరు తెగకుండా కలిసి ఉందా అన్నది) చూడటం లాంటి పని లైసెన్స్ ఉన్న మెకానిక్‌దే. చూడటం మీ పని, విప్పడం వాళ్ళ పని.

చివరికి కరెంటు ఇచ్చి

ఇంత చూశాక మిగిలినవాటికి కరెంటు ఇచ్చి పరీక్షించవచ్చు. విమానం చక్రాలకి దిమ్మలు పెట్టి, కట్టేసి, తాళంచెవి తీసేసి, మిక్స్చర్ పూర్తిగా వెనక్కి లాగి, ప్రొపెల్లర్ దరిదాపుల్లో ఎవరూ లేకుండా చూసుకుని మొదలుపెట్టాలి. ఇద్దరుండాలి, ఒకరు లోపల, ఒకరు బయట. చక్రాల స్విచ్, స్టార్టర్, ఈఎల్‌టీ ఏవో ముందే తేలి ఉండాలి. తేలకపోతే ఈ దశకి రాకూడదు. అవకాశముంటే బయటి పవర్ పెట్టుకోవడం మేలు, పాత బ్యాటరీ ఈ ఆటలకి ఎక్కువసేపు నిలవదు.

ఒక స్విచ్ వేయడం, చూడటం, వినడం, ఆపడం, రాసుకోవడం. మాస్టర్ కాక రెండు స్విచ్‌లు ఒకేసారి ఆన్‌లో ఉంచకూడదు. మన ఇళ్ళలో స్విచ్ కిందికి నొక్కితే ఆన్. అమెరికా విమానాల్లో పైకి ఎత్తితే ఆన్. ఏ స్థితిని ఆన్ అని రాసుకుంటున్నారో మన వేళ్ళు అలవాటుకొద్దీ తారుమారు చేయగలవు.

చెవులు చాలా చెబుతాయి. పాత తిరిగే బీకన్‌కి మోటారు గుర్రుమంటుంది. స్ట్రోబ్ పవర్ సప్లై సన్నగా కీచుమంటుంది. రెక్కలు బాడీకి కింది వైపు ఉండే పైపర్లలో ఎలక్ట్రిక్ ఇంధన పంపు టకటకమంటుంది, ఇంధన ప్రెషర్ సూది లేస్తుంది. పిటో హీటర్‌ని అర నిమిషం కన్నా ఎక్కువ ఉంచకుండా బయటివాళ్ళు చేతివెనక వైపుతో చటుక్కున తాకి చూడాలి, గట్టిగా పట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

శబ్దమూ వెలుగూ లేనివాటికి అమ్మీటర్ సూదే సాక్షి. పాత లాండింగ్ లైట్లలో చాలా వాడిన 4509 రకం బల్బు 13 వోల్టుల దగ్గర 100 వాట్లు. అంటే దాదాపు 7.7 ఆంపియర్లు. సెస్నాలో సున్నా మధ్యలో ఉండే అమ్మీటర్ అయితే సూది ఎడమకి కొంచెం ఒరుగుతుంది. సూది కదలకపోతే రెండు అర్థాలు, వైరు లేదు, లేదా బల్బు మాడిపోయినట్టు పరికరం పాడైంది. చాలా చెరోకీల్లో అమ్మీటర్ ఆల్టర్నేటర్ ఇచ్చే కరెంట్‌నే చూపిస్తుంది. ఇంజిన్ ఆపి ఉంటే అది సున్నా దగ్గరే కూర్చుంటుంది, ఏ స్విచ్ వేసినా కదలదు. ఆ విమానంలో "సూది కదల్లేదు, కాబట్టి ఏమీ లేదు" అన్న నిర్ణయం పూర్తిగా తప్పు. పాత బల్బుల స్థానంలో ఎల్‌ఈడీలు వేసి ఉంటే సెస్నాలో కూడా సూది కదలిక కంటికి ఆనకపోవచ్చు. మెకానిక్ దగ్గరుండే క్లాంప్ మీటర్ వైరు చుట్టూ తగిలిస్తే ఈ అనుమానం తీరుతుంది.

కంట్రోల్ వీల్ మీది బటన్లకీ ఇదే జాగ్రత్త. పేరులేని బటన్ రేడియోలో మాట్లాడేది కావచ్చు, ఆటోపైలట్‌ని విడిపించేది కావచ్చు. 1960ల మధ్య నుంచి వచ్చిన మూనీ విమానాల్లో రెక్కలు సమంగా ఉంచే బ్రిటెన్ వ్యవస్థ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, వీల్ మీది బటన్ నొక్కి ఉంచినంతసేపే అది వదులుతుంది. ఇంజిన్ ఆపి ఉండగా ఆ వ్యవస్థని నడిపే వాక్యూమ్ ఉండదు కాబట్టి ఆ బటన్ నొక్కినా ఏమీ తెలియదు.

కరెంటుతో సంబంధం లేని పిడులనీ మర్చిపోకూడదు. వీటిలో అందరికీ తెలిసిన విషాదం గాయకుడు జాన్ డెన్వర్‌ది. 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలో మాంటెరే దగ్గర, కొత్తగా కొనుక్కున్న లాంగ్-ఈజెడ్ విమానం సముద్రంలో కూలి ఆయన చనిపోయాడు. అది విడిభాగాలతో ఒక వ్యక్తి స్వయంగా కట్టిన విమానం. అసలు డిజైన్ ప్రకారం ఇంధన ట్యాంకులు మార్చే పిడి పైలట్ కాళ్ళ మధ్య ఉండాలి. కట్టినవాడు దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. దాని మీద ఏ పేరూ, ఏ గుర్తూ లేదు. బయల్దేరే ముందు దాన్ని అందుకోవడానికి పట్టుకారు తగిలించి చూశారు కూడా, లాభం లేకపోయింది. పిడి కోసం వెనక్కి తిరిగినప్పుడు విమానం అదుపు తప్పిందని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. కారణాల జాబితాలో ఆ గుర్తులేని పిడినీ, గుర్తులేని ఇంధన గేజీలనీ కూడా చేర్చింది. ఆ పిడి పని ఆయనకి తెలుసు. అది అందుబాటులో లేకపోవడం, చూపు తిప్పకుండా గుర్తుపట్టే వీలు లేకపోవడం, ఆ రకం విమానంలో తగినంత అనుభవం లేకపోవడం అన్నీ కలిశాయి.

తేలిన ప్రతి స్విచ్‌కీ మెకానిక్ చేత పేరు వేయించి లాగ్‌బుక్‌లో రాయించాలి. లేబుల్ మెషీన్ టేపు ఎండకి ఊడొస్తుంది కాబట్టి చెక్కిన ప్లేటో, అచ్చువేసిన తొడుగో మేలు. పేరు ఒక్కటే చాలదు, ఏది ఆన్ ఏది ఆఫ్ అన్నదీ ఉండాలి. రెండు పరికరాల మధ్య మార్చే స్విచ్ అయితే రెండు పేర్లూ రెండు చివర్లా ఉండాలి. పరికరం లేకుండా మిగిలిపోయిన స్విచ్‌ని తీయించి కన్నానికి బిళ్ళ వేయించడం అన్నిటికన్నా శుభ్రమైన పని. పరికరం ఉండీ పాడైపోతే, అది లేకపోయినా ఎగరడానికి నిబంధనలు ఒప్పుకునే సందర్భంలో, అమెరికాలో 91.213 సెక్షన్ ప్రకారం దాన్ని తీసేయాలి, లేదా పనిచేయకుండా చేసి పక్కన "ఇనాపరేటివ్" అని రాయాలి. వైరు కొస వదులుగా వదిలేయకుండా మూత పెట్టి కట్టేయాలి. బ్రేకర్‌ని కూడా లాగి, మళ్ళీ ఎవరూ నొక్కకుండా దానికో కాలర్ తగిలిస్తారు.